మొక్కిన నోరు

తిరువళ్ళూరు
ఏప్రిల్ 22

సుబ్బమ్మ వదినకు దేవసేన నమస్కారాలు.

రైలెక్కితే గంటలో వచ్చే దూరానికి ఉత్తరం ఏమిటా అని నవ్వుకుంటూ ఉంటావు. ఫోను చేస్తే మనస్వి స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటుంది. ఉత్తరమైతే ఆ బాధ లేదు. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మీ తమ్ముడు తెలుగు మాట్లాడతారు గానీ చదివేది అరవమే. నా కూతురు మనస్వి సంగతి చెప్పక్కర్లేదు. నువ్వు పుత్తూరులో అమ్మమ్మ దగ్గర చదవడం, నేను నగరిలో పదో తరగతి దాకా చదవడం ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

మనస్వికి పుట్టిన పాపకు వచ్చే నెల ఏడాది నిండుతుంది. యశస్విని అని పిలిస్తే తల తిప్పుతోంది. ఏడో నెలలో పుట్టి, అద్దాల పెట్టెలో పిడికెడంత ఉన్న పిల్ల ఇదేనా అని రోజూ చూసుకుంటాను. చూసిన ప్రతిసారీ మొక్కు గుర్తుకొస్తుంది. ఆగస్టులో ఆడి కృత్తిక పండగకు తిరుత్తణిలో నా నాలుకకు మురుగుడి వేలు, ఆ చిన్న వెండి బల్లెం, గుచ్చుకోవాలి.

వదినా, నాకు ఒకటి చెప్పు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో నేను సరిగ్గా ఏమన్నాను? పడిపోయింది గుర్తుంది. లేచేసరికి నీ ఒళ్ళో ఉన్నాను. మధ్యలో నేను మొక్కుకున్నానని నువ్వు చెబితేనే తెలిసింది. నాలుక అనే అన్నానా? బుగ్గ అన్నానేమో? వట్టి అలగు, ఒంట్లో ఎక్కడో ఒకచోట గుచ్చుకునేది, అన్నానేమో? అలగయితే భుజానికి చిన్న కొక్కెం తగిలించుకున్నా చాలంటారు. స్వామితో బేరమాడుతున్నానని అనుకోకు. మాట ఏదో తెలిస్తే మనసు అక్కడ నిలబెట్టుకుంటాను. ఇప్పుడు పళ్ళు తోముకుంటున్నా నాలుక వణుకుతోంది.

నీ మరదలు
దేవసేన


తిరుత్తణి
ఏప్రిల్ 29

దేవసేనకు ఆశీస్సులు.

నాలుక అనే అన్నావు. నేను పక్కనే ఉన్నాను గదా. మళ్ళీ మళ్ళీ అడిగితే మాట మారుతుందా?

ఊరికే భయపడుతున్నావు. మా వీధిలో కుప్పమ్మ మూడేళ్ళుగా వేసుకుంటోంది. పొద్దున వేలు గుచ్చుకుంటే సాయంత్రానికి ఇడ్లీ తింటుంది. నిన్న కుళాయి దగ్గర నీ సంగతి చెబితే, "నొప్పా? పచ్చిమిరపకాయ కొరికినంత గూడా ఉండదక్కా! మీ మరదల్ని రమ్మను, నేను పక్కన నిలబడతా" అని నవ్వింది. విభూతి అద్దితే రక్తం చుక్క కూడా రాదట. స్వామి వచ్చి నాలుక మీద కూర్చుంటాడు, నొప్పి ఆయనది.

తిరువళ్ళూరు నుంచి ఏటా ఒక గుంపును తీసుకొచ్చే పచ్చయ్యప్ప గురుసామి ఉన్నాడు. రైల్వే గేటు దగ్గర మిషను కుట్టేవాడు. చెయ్యి తేలిక. ఆయన్ని పోయి చూడు. తమ్ముడు మురళిని వెంట తీసుకుపో. వాడు నీకంటే ముందు కళ్ళు తిరిగి పడితే పట్టుకోవడానికి నువ్వుంటావు.

పాపకు ముద్దులు.

సుబ్బమ్మ


తిరువళ్ళూరు
మే 17

వదినకు నమస్కారాలు.

పచ్చయ్యప్ప గారిని చూశాను. మీ తమ్ముడికి సెలవు దొరకలేదు. ఒక్కదాన్నే పోయాను.

మిషను మీద బడిపిల్లల యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. విషయం చెప్పగానే చేతులు కడుక్కొచ్చి నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "ఏదీ, నాలుక చాపమ్మా" అన్నాడు.

నాకు ఒళ్ళంతా చెమట పోసింది. నవ్వకు వదినా. యాభై ఏళ్ళలో నా నాలుక ఎవరికి చూపించాను? పెళ్ళయిన కొత్తలో అన్నం తింటుంటే మీ అమ్మ చూస్తారని పెదవులు కూడా సరిగ్గా తెరిచేదాన్ని కాదు. పరాయి మగవాడి ముందు నోరు తెరిచి చాపడమంటే చీర కొంగు తీసినట్టనిపించింది. కొంచెం బయటపెట్టి లోపలికి లాగేసుకున్నాను.

"ఇదేమిది, బల్లి తొంగి చూసినట్ట?" అన్నాడు. "గట్టిగా చాపు తాయీ. నేనేమన్నా పెండ్లికి పొన్ను చూసేదానికి వచ్చినానా? సామికి ఇచ్చేసిన నాలుక, సిగ్గు సామి పడాల, నువ్వెందుకు పడేది?"

కళ్ళు మూసుకుని చాపాను. పసుపు బట్టతో నాలుక కొన పట్టుకున్నాడు. ఆ పట్టు ఇంకా పోలేదు. రాత్రి అన్నంలో కూడా అదే తగిలింది. కిందికీ మీదికీ తిప్పి చూశాడు. "ఈడ నరం లేదు. ఈడ గుచ్చుతాను" అని వేలితో చూపించాడు. తర్వాత గుచ్చే వేలు తీసి చూపించాడు. వెండిది, నా చూపుడువేలంత పొడవు. కొన దగ్గర మెరుగు పెట్టి ఉంది. నిమ్మకాయకు గుచ్చి ఉంచుతాడట.

ఆడి కృత్తికకు ముందు నలభై ఎనిమిది రోజులు కాప్పు కట్టుకోవాలి. మణికట్టుకు పసుపు దారం, ఒంటిపూట భోజనం, చాప మీద పడక. ఆ పూట గుచ్చినప్పటి నుంచి మూడొందల అరవై అయిదు మెట్లెక్కి దర్శనమయ్యే దాకా మాట్లాడకూడదు. మాట్లాడాలనుకున్నా కుదరదు. నేను అసలే మెల్లగా మాట్లాడేదాన్ని, ఎవరికీ తేడా తెలియదని మనస్వి అంది.

పోయేటప్పుడు ఆయన ఒకటి అడిగాడు. "ఒంట్లో ఏమన్నా జబ్బు ఉందామ్మా? గాయాలు తొందరగా మానుతాయా?" మానుతాయని చెప్పాను.

దేవసేన


తిరుత్తణి
మే 25

దేవసేనకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన అంత గట్టిగా పట్టుకున్నాడా?

ఒకటి అనుకుంటున్నాను. ఈ ఏడే వేసుకోవాలని ఏముంది? పాప ఇంకా చిన్నది. వచ్చే ఏడు నడుస్తూ వస్తుంది, అప్పుడు చూసుకోవచ్చు. లేకపోతే కావడి ఎత్తు. పూల కావడి ఎత్తి మెట్లెక్కినా స్వామి వద్దనడు. ఇక్కడ మాకు తెలిసిన అర్చకులు ఉన్నారు, కావాలంటే అడిగి రాస్తాను.

నాకు ఎండకు ఆరోగ్యం బాగాలేదు. అంతే, ఇంకేమీ లేదు.

సుబ్బమ్మ


తిరువళ్ళూరు
జూన్ 20

వదినకు నమస్కారాలు.

నువ్వు రాసింది చదివి నాకు భయం ఎక్కువైంది. ధైర్యం చెప్పే మనిషివి నువ్వే వెనకడుగు వేస్తే ఎట్లా? పాప పేరు మీద చెప్పిన మొక్కు. పోయిన వారం దానికి జ్వరం వచ్చింది. రెండు రోజులకు తగ్గిపోయింది గానీ ఆ రెండు రోజులూ నా నాలుకే నాకు దోషిలాగా అనిపించింది. వాయిదా వేయను. ఆదివారం కాప్పు కట్టుకుంటున్నాను.

కట్టుకునే ముందు ఒకరికైనా నిజం చెప్పాలి. నువ్వు తప్ప నాకు ఎవరూ లేరు. చదివాక ఈ ఉత్తరం చించెయ్.

నాకు షుగర్ ఉంది. మూడేళ్ళయింది. మాత్రలు పూజ అరలో, స్వామి పటం వెనక పెట్టుకుంటాను. మీ అమ్మకు షుగర్‌తో కాలు తీసేసినప్పుడు మీ తమ్ముడు ఎట్లా అయిపోయారో నీకు తెలుసు. ఆ మాట ఇంట్లో ఎత్తడానికి నాకు నోరు రాలేదు. రెండేళ్ళ కింద గడపకు బొటనవేలు కొట్టుకుంది గదా, వారంలో మానిందని చెప్పాను. అయిదు నెలలు పట్టింది. సాక్సు వేసుకుని తిరిగాను. పోయిన నెల పరీక్షలో మళ్ళీ ఎక్కువే ఉంది. డాక్టరమ్మ, "ముల్లు గూడా గుచ్చుకోనీయొద్దు" అని చెప్పింది. వేలు సంగతి ఆమెకు ఎట్లా చెప్పను?

ఇప్పుడు బయటపెడితే, మొక్కు ఎగ్గొట్టడానికి షుగర్ వచ్చిందంటోంది అనుకుంటారు. ఇంకెవరూ అనకపోయినా స్వామి అనుకుంటాడు.

ఆ రోజు నేను పడిపోయింది కూడా దానివల్లే. మాత్ర వేసుకుని, పాప కంగారులో అన్నం తినలేదు. కానీ అది ఒక్కటే కాదని నా నమ్మకం. తెలివిలో ఉంటే ఇంత పెద్ద మాట అనే ధైర్యం నాకు ఉందా? పెద్ద ఉద్యోగం లేదు, పాట రాదు, ఎవరి ముందూ గొంతెత్తింది లేదు. అట్లాంటి దాని నోట మురుగుడు తన మాట పలికించాడు. అద్దాల పెట్టెలో పిల్ల ఊపిరి తీసుకుంది. ఈ ఏడాదంతా అంట్లు తోముతూ కూడా అది తలచుకుంటే కళ్ళు నిండేవి. నన్ను కూడా ఒకసారి వాడుకున్నాడు గదా అని.

అందుకే గుచ్చుకుంటాను. గాయం మానకపోతే, నాలుక కుళ్ళితే, మనస్వికి నువ్వే తల్లివి. మాత్రల సంగతి అప్పుడు చెప్పు. పాపకు ఉగ్గు నేను చేసే పద్ధతి ఆ పిల్లకు రాదు, నువ్వు నేర్పించు.

మనస్వి వచ్చేలోగా దీన్ని పోస్టు చేసి వస్తాను.

దేవసేన


తిరుత్తణి
జూన్ 24

దేవసేనా,

ఈ ఉత్తరం అందగానే పచ్చయ్యప్పకు వద్దని చెప్పు. ముందు అది చెయ్యి, తర్వాత మిగతాది చదువు.

నువ్వు మొక్కలేదు.

ఆ రోజు నువ్వు పడిపోయినప్పుడు నీ నోట ఒక్క మాట రాలేదు. పళ్ళు గిట్టకరుచుకుపోయాయి. మురళి నీళ్ళకు పరుగెత్తాడు. మనస్వి లోపల ఉంది. వరండాలో నేను, నా ఒళ్ళో నువ్వు. అప్పుడే నర్సు తలుపు తీసి, "మీరు మొక్కే సామి ఎవురో మొక్కుకోండమ్మా" అని మళ్ళీ మూసేసింది. నేను మన కొండ ఏ దిక్కున ఉందో చూసుకుని చేతులు జోడించాను. మురుగా, పిల్లను నిలబెట్టు, నా నాలుకకు వేలు గుచ్చుకుంటాను అందామని నోరు తెరిచాను. నా నాలుక అనే మాట రాలేదు. చిన్నప్పుడు ఈ మెట్ల మీదే ఒకామెకు వేలు దిగడం దగ్గరగా చూశాను. ఆమె కళ్ళు గుర్తుకొచ్చాయి. "మా దేవసేన నాలుకకు" అన్నాను. దేవుడి ముందు నిలబడి, స్పృహ లేని నీ నాలుక తీసి ఇచ్చేశాను.

మురళి వచ్చి, "అక్కా, ఆమె ఏమన్నా అన్నదా?" అని అడిగాడు. అన్నదన్నాను. "మొక్కుకున్నాది రా" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకునే దారి కనబడలేదు. పిల్ల బతికింది. అందరూ నిన్ను చూసి దండం పెట్టారు. నువ్వు కూడా అంత సంతోషంగా ఉన్నావు.

నొప్పే కదా, ఒక్క పూట గదా అనుకుంటూ వచ్చాను. షుగర్ అని తెలిస్తే అంటానా? అనేదాన్నేమో. ఏమో. ఇప్పుడు నన్ను నేనే నమ్మడం లేదు. ఏప్రిల్లో నువ్వు బుగ్గ అన్నానా అని అడిగినప్పుడు అవునని రాసి ఉంటే సగం ముప్పు తప్పేది. అప్పుడు కూడా, దేవుడికి చెప్పిన మాట మార్చకూడదని భయపడ్డాను. నీకు చెప్పిన అబద్ధానికి మాత్రం భయపడలేదు.

ఫోను చేద్దామని నాలుగుసార్లు తీశాను. మనస్వి ఎత్తింది. "ఏం అత్తా?" అంటే, ఊరికే అన్నాను.

నన్ను తిట్టు. గుచ్చుకోవద్దు.

సుబ్బమ్మ


తిరువళ్ళూరు
జూలై 1

వదినకు,

నీ ఉత్తరం అందేసరికి కాప్పు కట్టుకుని తొమ్మిది రోజులైంది.

నువ్వు నా నాలుక ఇచ్చినందుకు ఏడవలేదు. పిల్ల కోసం ఇచ్చావు. అడిగి ఉంటే నేనే ఇచ్చేదాన్నేమో. ఆ వరండాలో మురుగుడు నా దగ్గరికి వచ్చాడని ఏడాది పాటు నమ్మాను. రాలేదన్నమాట. నాకు షుగర్ తక్కువై పడిపోయాను, అంతే జరిగింది. ఇప్పుడు దీపం పెడుతుంటే పటంలోకి చూడలేకపోతున్నాను.

నువ్వు వద్దన్నా స్వామి దగ్గర ఉన్నది నా పేరు. పాప నిద్రలో ఉలిక్కిపడితే నా ప్రాణం పోతోంది. ఎవరిని అడగాలో తెలియడం లేదు. ఎవరు చెబితే నమ్మాలో అసలు తెలియడం లేదు.

దేవసేన


తిరుత్తణి
జూలై 12

దేవసేనకు,

నిన్న తిరువళ్ళూరు వచ్చాను. మీ వీధి మొదట్లో మందుల షాపు దాకా వచ్చి తిరిగిపోయాను. నీ ముఖం చూసే ధైర్యం లేక కాదు. అవును, ధైర్యం లేకనే.

పచ్చయ్యప్ప దగ్గరికి పోయాను. మొత్తం చెప్పాను, నర్సు అన్న మాట నుంచి నీ షుగర్ దాకా. మిషను ఆపి విన్నాడు. తర్వాత, "ముప్పై ఏండ్లుగా గుచ్చుతాండాను, వేరేవాళ్ళ నాలుక ఇచ్చినామెను ఇప్పుడే చూస్తాండా" అన్నాడు. "పక్కింటి ఆవును తోలుకొచ్చి కోవిల్లో కట్టేస్తే దానమయితుందామ్మా? సామికి తెలీదా అది ఎవురిదో? మొక్కిన నోరు ఏదో ఆ నోరే రావాల."

మా మరదలు పేరు చెప్పానే అని ఏడ్చాను. "పేరు నువ్వు చెప్పినావు. ఆమె ఇయ్యలేదు. ఇయ్యనిది సామి ఎట్ల తీసుకునేది?" అన్నాడు. నువ్వు ఈ మాటలు నా దగ్గర నమ్మవు. నిన్ను చూడడానికి ఆయనే ఆదివారం వస్తానన్నాడు. షుగర్ దాచి తన చేతికి నాలుక ఇవ్వబోయావని నీ మీద కూడా కోపంగా ఉన్నాడు. కట్టిన కాప్పు మధ్యలో విప్పకూడదట. నువ్వు మెట్లెక్కు, పాలకుండ ఎత్తుకో, నాలుక జోలికి పోవద్దు.

నాకు అక్కడే కాప్పు కట్టాడు. నలభై ఎనిమిది రోజులకు టైము లేదు, ఉన్న రోజులు చాలన్నాడు. తర్వాత నాలుక చాపమన్నాడు.

దేవసేనా, నాకు చాపడం రాలేదు. నోరు తెరిస్తే వాంతి వచ్చింది. పచ్చిమిరపకాయ కొరికినంత అని నీకు రాసిన చేతిని విరగ్గొట్టుకోవాలనిపించింది. నిన్నటి నుంచి ఏం తిన్నా వెండి రుచి. కుప్పమ్మ ధైర్యం చెప్పడానికి వస్తే తలుపు వేసుకున్నాను. నీకు మూడు నెలలుగా ఇట్లాగే ఉందా? నాకు ఒక్క రోజుకే ఇట్లా ఉంది.

పోనీ నువ్వు ఆ రోజు నా పక్కకు రావద్దు. నేను పారిపోతే చూసేవాళ్ళు ఉండకూడదు.

సుబ్బమ్మ


తిరువళ్ళూరు
జూలై 20

వదినకు నమస్కారాలు.

గురుసామి వచ్చి పోయాడు. నన్ను మెల్లగానే తిట్టాడు. "నీ నాలుక పుండైతే నా వేలు మీద పాపం పెట్టేదానికి చూసినావే తాయీ" అన్నాడు. ఆయన ఉండగానే మాత్రలు తెచ్చి మనస్వి ముందు పెట్టాను. మనస్వి అరిచింది. మీ తమ్ముడు అరవలేదు, బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నారు. లోపలికి వచ్చి నా కాళ్ళు రెండూ పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే చూశారు. సోమవారం డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం పోయాం. ఒంటిపూట భోజనం మానేయమంది. గురుసామి కూడా సరేనన్నాడు.

నీ సంగతి నేను వాళ్ళకు చెప్పలేదు. నువ్వే చెప్పాలి. ఆడి కృత్తికకు ముందే చెప్పాలి. గుచ్చుకున్నాక చెబితే ఎవరూ నిన్ను ఏమీ అనలేరు, అది నాకు ఇష్టం లేదు.

నేను వస్తాను. నువ్వు వద్దంటే కూడా వస్తాను. ముందురోజు చల్లటి గంజి తాగు, పులుపు తినకు. రోజూ అద్దం ముందు కాసేపు నాలుక చాపి పట్టుకో. మొదట వాంతి వస్తుంది, నాలుగో రోజుకు తగ్గుతుంది. నాకు అట్లాగే తగ్గింది. గుచ్చేటప్పుడు ఊపిరి బిగపట్టొద్దు, వదలమని చెప్పాడు.

మళ్ళీ అబద్ధం చెప్పొద్దు వదినా. నేనూ చెప్పను.

దేవసేన


తిరుత్తణి
జూలై 29

దేవసేనకు,

మురళికి, మనస్వికి ఫోనులో చెప్పాను. మురళి, "సరే అక్కా" అని పెట్టేశాడు. తర్వాత రెండు రోజులు ఎత్తలేదు. మనస్వి మాత్రం, "మా అమ్మను అడిగినావా, అత్తా?" అంది. అంతే. ఆ మాట ఇంకా చెవిలో ఉంది.

నాలుగో రోజుకు వాంతి తగ్గలేదు. ఆరో రోజుకు తగ్గింది.

భయం తగ్గలేదు. నువ్వు రా.

సుబ్బమ్మ


తిరుత్తణి కొండ మెట్లు
ఆడి కృత్తిక, పొద్దున

(పాలకుండ మూతకు చుట్టిన కాగితం మీద, పెన్సిలుతో)

దేవసేనా,
మాట్లాడలేను కాబట్టి రాస్తున్నాను. గుచ్చేటప్పుడు నీ చేతిని గోళ్ళతో రక్కానా? కళ్ళు మూసుకున్నాను, ఏమీ తెలియలేదు. గడ్డం తడిగా ఉంది. రక్తమా, చొంగా? మురళి ముఖం తిప్పేసుకున్నాడు, అందుకే భయంగా ఉంది. నిజం చెప్పు.


(అదే కాగితం వెనక)

వదినా,
ఈ మేళంలో, అరోహరా కేకల్లో నా గొంతు నీకు వినబడదు, అందుకే నేనూ రాస్తున్నాను. నిజం చెప్పమన్నావు గదా. రక్తమే. కొంచెం. నేను తుడుస్తూనే ఉన్నాను, గురుసామి చూసి పర్లేదన్నాడు. మీ తమ్ముడు ఏడుస్తున్నారు, అందుకే తిప్పుకున్నారు. నా చెయ్యి రక్కావు, డాక్టరమ్మ ఇచ్చిన మందు అప్పుడే రాశాను. నీ మీద కోపం ఇంకా పోలేదు. ఎప్పటికి పోతుందో తెలియదు. ఇంకా నూటికి పైగా మెట్లున్నాయి. నా భుజం పట్టుకో, ఆ కాగితం నాకిచ్చి మెట్టు చూసుకో.